మూడు షిల్లింగుల ఫ్రాకు, ఉరి పడే సెక్షన్: 1789 నాటి ఒక బట్టల దొంగతనం కేసు

దొంగతనం కేసు ఏది వచ్చినా కోర్టు ఆవరణలో మేము మొదట అడిగేది ఏం పోయిందని కాదు. "సెక్షన్ ఏం పెట్టారు?" అని. బెయిలు, శిక్ష, రాజీ అన్నీ దాని మీదే నడుస్తాయి. జిల్లా కోర్టులో ఉచిత న్యాయ సహాయం కింద చిన్న దొంగతనాల కేసులు చూసే నాకు ఇది రోజూ ఉండే ప్రశ్నే. ఈ ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్లగలదో జూనియర్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఎత్తుకునే కేసు మన దేశానిది కాదు, 18వ శతాబ్దపు లండన్‌ది. ముద్దాయిలు ఇద్దరూ పిల్లలు. పోయినవి మూడు గుడ్డలు.

కేసు ఇది

1788 అక్టోబర్ 5. వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్రభుత్వ ఖజానా కార్యాలయం, అంటే ట్రెజరీ దగ్గరికి ఎనిమిదేళ్ల పాప ఒకతె సీసాలో నీళ్లు పట్టుకోవడానికి వచ్చింది. అక్కడ ఆమెకు జేన్ వైటింగ్, మేరీ వేడ్ ఎదురయ్యారు. జేన్‌కు పద్నాలుగేళ్లు, మేరీకి పదకొండు. మేరీ వీధులు ఊడ్చి, అడుక్కుని బతికే పిల్ల. ఇద్దరూ ఆ పాపను పక్కనే ఉన్న మరుగుదొడ్డిలో ఒంటి మీద బట్టలు విప్పించి తీసుకెళ్లిపోయారు. ఒక కాటన్ ఫ్రాకు, భుజాల మీద కప్పుకునే చిన్న నారగుడ్డ, ఒక నారటోపీ. ఆ భుజాల గుడ్డను ఇంగ్లీషువాళ్లు టిపెట్ అంటారు.

ఛార్జ్‌లో వేసిన విలువలు చూడండి. ఫ్రాకు 3 షిల్లింగులు, టిపెట్ 2 పెన్నీలు, టోపీ 2 పెన్నీలు. అప్పట్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. మొత్తం సొత్తు 3 షిల్లింగుల 4 పెన్నీలు.

ఫ్రాకు నేరుగా తాకట్టు కొట్టుకు వెళ్లింది. దానికి 18 పెన్నీలు వచ్చాయి, అంటే ఛార్జ్‌లో రాసిన ధరలో సగం. లండన్‌లో ఒక కూలీకి దాదాపు ఒక రోజు కూలి అది. టిపెట్‌ను అమ్మలేదు, మేరీ తన దగ్గరే పెట్టుకుంది. ఇంకో పిల్ల ఈ సంగతి చెప్పేసింది. అధికారి వచ్చి వెతికితే మేరీ ఉండే గదిలో టిపెట్ దొరికింది. మన భాషలో చెప్పాలంటే సొత్తు రికవరీ అయింది. మేరీని బ్రైడ్‌వెల్ జైలుకు పంపారు.

1789 జనవరి 14న లండన్‌లోని పెద్ద నేరాల కోర్టు ఓల్డ్ బెయిలీలో విచారణ జరిగింది. ఇద్దరినీ దోషులన్నారు. ఇద్దరికీ ఉరిశిక్ష వేశారు.

సెక్షన్ ఎక్కడ మలుపు తిప్పింది

జూనియర్లు ఇక్కడ ఆగి అడుగుతారు, మూడు షిల్లింగుల ఫ్రాకుకు ఉరి ఏంటి సార్ అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఫ్రాకులో లేదు, కేసు పెట్టిన పద్దులో ఉంది. ఆ పిల్లల మీద పెట్టింది మామూలు దొంగతనం కాదు, రాజమార్గం మీద భయపెట్టి ఒంటి మీది సొత్తు దోచుకున్నారన్న నేరం. గుర్రం మీద వచ్చి పిస్తోలు చూపించి బళ్లు ఆపే దొంగల కోసం ఉన్న పద్దు అది. ఆ నేరంలో సొత్తు విలువతో పనే లేదు. వెయ్యి పౌండ్లు దోచినా, మూడు షిల్లింగులు దోచినా శిక్ష ఒకటే.

అదే ఫ్రాకును ఒక షాపులోంచి ఎత్తుకొచ్చి ఉంటే? అప్పుడు వర్తించేది 1699 నాటి షాపు దొంగతనాల చట్టం. షాపులో, గోదాములో, గుర్రాల సాలలో ఎవరి కంటా పడకుండా 5 షిల్లింగులు, అంతకు మించిన విలువ గల సరుకు కాజేస్తే ఉరి. మొదటిసారి నేరం చేసినవాళ్లను ఉరి నుంచి తప్పించే పాత మినహాయింపు ఒకటి ఇంగ్లండ్‌లో ఉండేది. ఈ చట్టం షాపు దొంగలకు దాన్ని తీసేసింది. దొంగను పట్టించి శిక్ష పడేలా చేసినవాళ్లకు ప్రోత్సాహకంగా పారిష్, అంటే చర్చి పేట, పదవులు మోసే బాధ్యత నుంచి మినహాయింపు పత్రం కూడా ఇచ్చేది. వ్యాపారులు అడిగి చేయించుకున్న చట్టమని దాన్ని చదివితేనే తెలిసిపోతుంది. అయినా అందులో రెండు సందులు ఉన్నాయి. ఒకటి 5 షిల్లింగుల గీత. రెండోది "ఎవరి కంటా పడకుండా" అన్న షరతు. గుమాస్తా చూశాడంటే ఉరి నేరం నిలబడదు.

ఈ రెండు సందుల్లోంచి జ్యూరీలు ఎంతమందిని బయటికి లాగాయో ఓల్డ్ బెయిలీ రికార్డులు తిరగేస్తే కనిపిస్తుంది. పౌండ్ల విలువ చేసే సరుకు పోయినా "4 షిల్లింగుల 10 పెన్నీల మేరకు దోషి" అని తీర్పు చెప్పేవాళ్లు. గీతకు సరిగ్గా రెండు పెన్నీలు తక్కువ. అలా చెబితే ముద్దాయికి ద్వీపాంతరమో, చేతి మీద వాతో, కొరడా దెబ్బలో పడేవి కానీ ప్రాణం మిగిలేది. ప్రమాణం చేసి కూర్చున్న పన్నెండుమంది తెలిసి తెలిసి అబద్ధపు లెక్క చెప్పేవాళ్లు. దీన్ని పుణ్యం కోసం చేసే తప్పుడు ప్రమాణం అన్నాడు ఆ కాలపు ప్రసిద్ధ న్యాయవేత్త బ్లాక్‌స్టోన్. ప్రాణం మీదికి వచ్చినచోట బొంకవచ్చని బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన మాట మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. లండన్ జ్యూరీలకు ఆ శ్లోకం తెలియకపోయినా ఆ పనే చేశారు. నాకు వాళ్ల మీద గౌరవం ఉంది.

మేరీ వేడ్ కేసులో ఆ దారి లేదు. ఫ్రాకు ఖరీదు ఒక్క పెన్నీ అని రాసినా తీర్పు మారదు. మిగిలింది "భయపెట్టి" అన్న ముక్క. పద్నాలుగేళ్ల పిల్ల, పదకొండేళ్ల పిల్ల కలిసి ఎనిమిదేళ్ల పాపను బెదిరిస్తే అది దారిదోపిడీ అవుతుందా? జడ్జి దీన్ని పెద్దవాడి రొమ్ముకు పిస్తోలు పెట్టడంతో సమానంగా చూశాడు. ఆ మాట పూర్తిగా తప్పని నేను అనను. చలిలో ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడ్డ ఆ పాప తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. కానీ అదే లెక్కన ముద్దాయిల వయసు కూడా చూడాలి కదా.

వయసు సంగతి

అప్పటి ఇంగ్లీషు చట్టంలో ఏడేళ్ల లోపు పిల్లలకు నేరం అంటదు. ఏడు నుంచి పద్నాలుగు లోపు పిల్లలకు మంచిచెడ్డలు తెలియవనే మొదట అనుకోవాలి, తెలుసని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. మన శిక్షాస్మృతిలోని 82, 83 సెక్షన్లు ఈ పాదులోంచి వచ్చినవే. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 20, 21 సెక్షన్లుగా ఉన్నాయి. మన దగ్గర రెండో మెట్టు పన్నెండేళ్లకే ఆగుతుంది.

జేన్‌కు పద్నాలుగు నిండాయి కాబట్టి ఆమెకు ఈ రక్షణ లేదు. మేరీకి ఉంది. మరి దాన్ని ఎలా దాటారు? నేను ఈ కేసును వదలకుండా చెప్పేది ఇందుకే. మేరీకి తెలివి ఉందని చూపించడానికి ప్రాసిక్యూషన్‌కు పనికొచ్చేవి రెండు. ఒకటి, ఆ పాపను మరుగుదొడ్డి గోతిలో తోసేద్దామనుకున్నానని మేరీ తనతో అన్నట్టు అధికారి చెప్పిన సాక్ష్యం. కస్టడీలో ఉన్న చిన్నపిల్ల అన్న మాటను ఇవాళ అయితే ఏ మేజిస్ట్రేటు ముందూ నిలబడనివ్వం. రెండోది, ఫ్రాకు అమ్మకం. దొంగిలించిన బట్టను డబ్బు చేసుకోవడం తెలిసిన పిల్లకు నేరం తెలియదంటే జ్యూరీ ఎందుకు నమ్ముతుంది? ఆ 18 పెన్నీలు ఒక్క దెబ్బకు రెండు పనులు చేశాయి. దొంగతనాన్ని రుజువు చేశాయి, బాల్యాన్ని కొట్టేశాయి.

దీనికి ఎదురు వాదన ఉంది. ఆ వీధుల్లో పెరిగిన పిల్లకు బట్టను తాకట్టు కొట్టుకు తీసుకెళ్లడం నేరబుద్ధికి గుర్తు కాదు, నీళ్లు మోయడం లాంటి ఇంటిపని. తల్లి పంపిస్తే గౌను తీసుకెళ్లి నాలుగు పెన్నీలు తెచ్చే పిల్లలు ప్రతి సందులోనూ ఉండేవాళ్లు. అలవాటును తెలివికి సాక్ష్యంగా తీసుకోకూడదని వాదించవచ్చు. కానీ వాదించేవాళ్లేరి? అప్పట్లో పెద్ద నేరాల్లో ముద్దాయి తరఫు వకీలు సాక్షులను ప్రశ్నించగలడు కానీ జ్యూరీతో మాట్లాడకూడదు. 1836 చట్టం వచ్చేదాకా అంతే. పైగా అడుక్కునే పిల్లలకు వకీలును పెట్టుకునే స్తోమత ఎక్కడిది? చాలా విచారణలు నిమిషాల్లో ముగిసేవి.

బట్టలే ఎందుకు

ఓల్డ్ బెయిలీ దొంగతనాల్లో బట్టలు, నేత సరుకు అంత ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. మరమగ్గాలు రాకముందు గుడ్డ ఖరీదైనది. పేద ఇంట్లో డబ్బు చేసుకోదగ్గ వస్తువంటూ ఉంటే అది ఒంటి మీది బట్టే. గౌను చిరిగితే పిల్లలకు ఫ్రాకు అవుతుంది, ఫ్రాకు చిరిగితే టోపీ అవుతుంది. అందుకే పాత బట్టలకు లండన్‌లో పెద్ద బజార్లే ఉండేవి. టవర్ కోట పక్కన రోజ్‌మేరీ లేన్‌లో రాగ్ ఫెయిర్, సెయింట్ గైల్స్‌లో మన్‌మౌత్ వీధి. పొద్దున షాపులోంచి పోయిన సరుకు సాయంత్రానికి ఇంకో పేటలో తాడు మీద వేలాడేది. నారబట్టల మీద ఇంటివాళ్లు దారంతో అక్షరాలు కుట్టుకునేవాళ్లు, మన చాకలి గుర్తుల్లాగా. దొంగలు మొదట చేసే పని ఆ దారాన్ని ఓపిగ్గా లాగేయడం. కోర్టులో సాక్షి బట్టను వెలుతురుకు పట్టి, కుట్టు తీసిన రంధ్రాలు చూపించి "ఇది నాదే" అని చెప్పేవాడు.

మనకు సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడుంది. 17వ శతాబ్దం చివరికి మచిలీపట్నం, కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకపు నూలుబట్టలంటే ఇంగ్లండ్ పడిచచ్చింది. ఈస్ట్ ఇండియా కంపెనీ మచిలీపట్నంలో 1611లోనే వర్తక స్థావరం పెట్టుకుంది. ఇంగ్లీషు ఉన్ని, పట్టు నేతవాళ్ల గొడవకు 1721లో పార్లమెంటు అద్దకపు నూలుబట్టలు కట్టుకోవడాన్నే నిషేధించింది. 1774లో నిషేధం ఎత్తేశాక కాటన్ మళ్లీ వీధుల్లోకి వచ్చింది. తేలిక, ఉతికితే కొత్తదానిలా ఉంటుంది, రంగు నిలుస్తుంది. కొనేవాళ్లు ఎక్కువైతే దొంగకూ అదే కావాలి. 1788లో ఎనిమిదేళ్ల పాప ఒంటి మీద కాటన్ ఫ్రాకు ఉండడమూ, దానికి గంటల్లో గిరాకీ దొరకడమూ ఈ చరిత్రలో భాగమే.

కొన్న చెయ్యి

ఇప్పుడు తాకట్టు కొట్టు దగ్గరికి వద్దాం. ఈ కేసులో ముద్దాయిల వరుసలో ఉన్నది ఇద్దరు పిల్లలే. ఫ్రాకు తీసుకుని డబ్బిచ్చినవాడు అక్కడ లేడు.

చట్టంలో అతనికి శిక్ష లేక కాదు. దొంగసొత్తు కొన్నవాడికి 14 ఏళ్ల ద్వీపాంతరం వేసే వీలు 1718 చట్టంలోనే ఉంది. మామూలు దొంగకు వేసేది ఏడేళ్లు. అంటే పార్లమెంటుకు కూడా కొన్నవాడే పెద్ద దోషిగా కనిపించాడు. దొంగసొత్తును తిరిగి ఇప్పించి యజమాని దగ్గర బహుమతి కొట్టేసే వ్యాపారాన్ని కూడా ఆ చట్టం నేరం చేసింది. ఆ వ్యాపారంలో ఆరితేరిన జోనథన్ వైల్డ్‌ను 1725లో ఉరితీశారు. 1757 చట్టం ప్రకారం తాకట్టు వ్యాపారి వచ్చిన వస్తువు, తెచ్చినవాళ్ల పేరు, చిరునామా పుస్తకంలో రాసుకోవాలి. బో వీధిలో మేజిస్ట్రేటుగా ఉన్న జాన్ ఫీల్డింగ్ పోయిన వస్తువుల వివరాలు అచ్చువేయించి తాకట్టు కొట్లకు అందేలా చూశాడు. ఆ వస్తువు ఎవరైనా తెస్తే మనిషినీ సొత్తునూ ఆపండని.

ఇన్ని ఉన్నా కేసు నడిచేది ఒక్క ముక్క మీద. దొంగసొత్తని "తెలిసి" కొన్నాడా? ఇది రుజువు చేయడం కష్టం. ఆ కాలపు విచారణల్లో తాకట్టు వ్యాపారి ఎప్పుడూ ఒకే తీరులో కనిపిస్తాడు. బట్ట పట్టుకొచ్చి, పుస్తకం తెరిచి, "ఈమే తెచ్చింది, ఇంత ఇచ్చాను" అని చెప్పి ఇంటికి వెళ్లిపోతాడు. దొంగను పట్టుకోవడానికి అతని సాక్ష్యం కావాలి, కాబట్టి అతన్ని ముద్దాయిని చేయరు. మన దగ్గర దొంగ బంగారం కొన్న వ్యాపారి విషయంలో జరిగేది కూడా చాలాసార్లు ఇదే. దొంగసొత్తు తీసుకున్న నేరానికి శిక్షాస్మృతి 411 కింద, ఇప్పుడు న్యాయ సంహిత 317 కింద, కేసు కట్టాల్సిన మనిషి రికవరీ అయ్యేసరికి సాక్షుల జాబితాలో తేలతాడు. దొంగతనం జరిగిన కొద్దికాలానికే సొత్తు ఎవరి దగ్గర దొరికితే వాళ్లు దొంగ అయినా అయివుండాలి, తెలిసి తీసుకున్నవాళ్లయినా అయివుండాలని కోర్టు అనుకోవచ్చన్న నియమం ఉంది కదా, పాత సాక్ష్య చట్టంలో 114వ సెక్షన్ మొదటి ఉదాహరణ. అది ఇద్దరికీ వర్తించాలి. ఆచరణలో గదిలో టిపెట్ దొరికిన పిల్లకు వర్తించినంత గట్టిగా కొట్టులో ఫ్రాకు దిగిన వ్యాపారికి వర్తించదు. పదకొండేళ్ల పిల్ల మూడు షిల్లింగుల పిల్లల ఫ్రాకు తెచ్చి సగం ధరకు ఇస్తుంటే అతనికి అనుమానం రాలేదా? ఆ ప్రశ్న అడగకుండా వదిలేసిన దర్యాప్తును నేను సగం దర్యాప్తు అనే అంటాను.

షాపు దొంగతనంలో ప్రాణం పోయిన కేసు

5 షిల్లింగుల గీత అందరినీ కాపాడలేదు. 1771లో మేరీ జోన్స్ అనే యువతిని లడ్‌గేట్‌లోని ఒక బట్టల షాపులోంచి నాలుగు మస్లిన్ ముక్కలు కాజేసిందని విచారించారు. విలువ 5 పౌండ్ల 10 షిల్లింగులు. అప్పటికి ఇంగ్లండ్‌లో మస్లిన్ నేత నిలదొక్కుకోలేదు, ఆ షాపుల్లో మస్లిన్ అంటే ఎక్కువగా బెంగాల్ సరుకే. భర్తను నౌకాదళంలోకి బలవంతంగా పట్టుకుపోయారని, అప్పటి నుంచి ఇద్దరు పిల్లలను కష్టపడి పోషిస్తున్నానని ఆమె కోర్టులో చెప్పుకుంది. జ్యూరీ కనికరించలేదు. అక్టోబర్‌లో లండన్‌లో ఉరితీసే చోటైన టైబర్న్‌లో ఉరితీశారు.

1777లో సర్ విలియం మెరెడిత్ పార్లమెంటులో ఉరిశిక్షల మీద మాట్లాడుతూ ఈమె కథ చెప్పాడు. పందొమ్మిదేళ్లు నిండని తల్లి, ముతక నారగుడ్డ తీసి గుమాస్తా చూడగానే కింద పెట్టేసిందని, ఉరికంబానికి బయల్దేరినప్పుడు చంటిబిడ్డ ఆమె పాలు తాగుతోందని. ఆ ప్రసంగం చదివితే గుండె పట్టేస్తుంది. అయినా వకీలుగా నేను ప్రసంగాన్ని సాక్ష్యంగా తీసుకోను. ఛార్జ్‌లో ఉన్నది మస్లిన్, ముతక నార కాదు. గుమాస్తా చూస్తుండగా తీసిందన్నది నిజమైతే ఉరి నేరం నిలబడకూడదు, జ్యూరీ మాత్రం ఉరి నేరంలోనే దోషి అంది. మెరెడిత్ చట్టాన్ని మార్చాలని మాట్లాడుతున్నాడు, అందుకు కథను కాస్త దిద్దుకున్నాడు. దిద్దకపోయినా అది ఘోరమే. నాలుగు మస్లిన్ ముక్కలకు ఇద్దరు పిల్లల తల్లిని చంపడాన్ని సమర్థించే వాదన నాకు ఎక్కడా కనిపించలేదు.

1810లో ఉరిశిక్షలు తగ్గించాలని పోరాడిన పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ రోమిలీ ఈ 5 షిల్లింగుల ఉరిని తీసేయాలని బిల్లు తెస్తే కామన్స్ సభ ఒప్పుకుంది, లార్డ్స్ సభ కొట్టేసింది. ప్రధాన న్యాయమూర్తి ఎలెన్‌బరో గట్టిగా వ్యతిరేకించాడు. ఆ ఉరి చట్టంలోంచి పోయేసరికి 1820లు వచ్చాయి.

మేరీ వేడ్ బతికింది. 1789 మార్చిలో మూడో జార్జి రాజు మతిభ్రమణం నుంచి కోలుకున్నాడని ప్రకటించారు, ఆ సంబరంలో ఉరిశిక్ష పడిన స్త్రీల శిక్షలను ద్వీపాంతరంగా మార్చారు. ఆమెను కాపాడింది వయసూ కాదు, ఫ్రాకు ధరా కాదు, రాజుగారి ఆరోగ్యం. లేడీ జూలియానా ఓడలో పంపితే 1790 జూన్‌లో సిడ్నీ చేరింది. ఆ ఓడలోని ఖైదీల్లో అందరికంటే చిన్నది ఆమే. 1859లో చనిపోయేనాటికి 300 మందికి పైగా సంతానం, మనవలు, మునిమనవలు ఉన్నారు. ఆస్ట్రేలియా ప్రధానిగా చేసిన కెవిన్ రడ్ ఆమె వంశంవాడే.

మన ఫైళ్లలో ఇదే చిక్కు

భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 303వ సెక్షన్‌లో ఒక మంచి మినహాయింపు ఉంది. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు, మొదటిసారి దోషి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజసేవ శిక్షతో సరిపెట్టాలి. నా దగ్గరికి వచ్చే బట్టల షాపు కేసుల్లో చాలావాటికి ఇది అతికినట్టు సరిపోతుంది. కానీ పోలీసులు 305 కూడా కలిపేస్తారు. సొత్తు భద్రపరిచే కట్టడంలో దొంగతనం అన్న సెక్షన్ అది, ఏడేళ్ల దాకా శిక్ష. అందులో విలువ ప్రసక్తి లేదు, ఆ మినహాయింపూ లేదు. రెండు వేల రూపాయల చీరను షాపు లోపలి అరలోంచి తీస్తే ఒక లెక్క, బయట ఫుట్‌పాత్ మీద హ్యాంగరుకు వేలాడుతున్నది తీస్తే ఇంకో లెక్క.

అందుకే ఇలాంటి కేసులో దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు నేను విలువ కంటే ముందు స్థలం అడుగుతాను. రఫ్ స్కెచ్‌లో షట్టర్ గీత ఎక్కడ గీశారు? స్టాండు ఆ గీతకు లోపలా, బయటా? మధ్యవర్తుల రిపోర్టులో, అంటే పంచనామాలో, ఆ దూరం రాశారా? తర్వాత విలువ. ధర బిల్లు చూసి వేశారా, ఫిర్యాది నోటిమాటతో వేశారా? డిస్కౌంట్ స్టిక్కర్ ఉందా? ఆ తర్వాత సొత్తు ఎవరి దగ్గర దొరికింది, వాళ్లు ఎంతకు కొన్నారు, వాళ్లను సాక్షిగా ఎందుకు చూపించారు? ఈ జవాబులన్నీ రికార్డులోకి ఎక్కాకే మినహాయింపు కోసం మెమో దాఖలు చేయాలి. ముందు వేస్తే 305 చూపించి కొట్టేస్తారు.